కొత్తది కనిపెట్టే పనికి ప్రాజెక్ట్ మేనేజర్ అవసరమా, అడ్డమా?

బొమ్మసంద్ర_బ్యాటరీ:
మాది బెంగళూరు బొమ్మసంద్రలో చిన్న కంపెనీ. ఎలక్ట్రిక్ ఆటోలకు బ్యాటరీ ప్యాక్‌లు చేస్తాం. ఇప్పుడు చేస్తున్న ప్యాక్‌లో వేడిని బయటికి లాగే పద్ధతి మాలో ఎవరూ ఇంతకుముందు చేసింది కాదు, అందుకే ఏదో ఒకటి తేడా కొడుతూనే ఉంటుంది. ఈమధ్య పెద్ద ఐటీ సర్వీసెస్ కంపెనీలో ప్రాజెక్టుల డెలివరీ చూసిన ఒకాయన్ని మాకు ప్రాజెక్ట్ మేనేజర్‌గా తెచ్చారు. మనిషి మంచివాడే, కానీ పొద్దున స్టాండప్‌లో, అంటే రోజూ జరిగే చిన్న మీటింగ్‌లో, ఒక్కొక్కరినీ "ఎంత శాతం అయింది?" అని అడుగుతాడు. సెల్స్ మధ్య నింపిన పదార్థం మొన్న టెస్ట్‌లో వేడికి పొంగి కేసు పగిలింది. అది ఎంత శాతం అని చెప్పాలి? ఒక దారి పనికిరాదని తేలిపోయింది, నా లెక్కలో అది పెద్ద ముందడుగు, ఆయన ఎక్సెల్‌లో మాత్రం ఎర్ర గడి. ఎర్ర గడి కనబడితే పైనుంచి ఫోన్ వస్తుందని మావాళ్ళు మెల్లగా అన్నీ పచ్చగా నింపడం మొదలుపెట్టారు. నా భయమంతా అదే. ఇలాంటి పనికి అసలు ప్రాజెక్ట్ మేనేజర్ ఉండాలా? సూటిగా చెప్పండి.

వైట్‌ఫీల్డ్_కోడర్:
అక్కర్లేదు బ్రో. సాఫ్ట్‌వేర్ టీమ్‌లు చిన్న చిన్న విడతలుగా పనిచేసే స్క్రమ్ పద్ధతికి ఒక గైడ్ ఉంది, తీసి చూడు, ప్రాడక్ట్ ఓనర్, స్క్రమ్ మాస్టర్, డెవలపర్లు, అంతే. 2001లో యూటాలో 17 మంది సాఫ్ట్‌వేర్ వాళ్ళు కూర్చుని అజైల్ మేనిఫెస్టో రాసింది కూడా ముందే వేసిన ప్లాన్‌ని పట్టుకుని వేలాడే పద్ధతి వద్దనే. ఏం చేయబోతున్నామో ఇంకా తేలని పనికి ఎప్పటికి అవుతుందో చెప్పమంటే ఎవరైనా అబద్ధమే చెప్తారు, మీవాళ్ళు పచ్చ రంగు నింపడం అదే.

పీణ్య_సర్క్యూట్:
కోడర్ గారూ, మీ దగ్గర తప్పు దొరికితే సాయంత్రానికి సరిచేసి మళ్ళీ ఎక్కిస్తారు. మా దగ్గర సర్క్యూట్ బోర్డు తప్పయితే కొత్తది చేయించి, పార్ట్‌లు తెప్పించి, అతికించి చేతికొచ్చేసరికి వారాలు పోతాయి. పైగా ఆటో బ్యాటరీ అంటే ఏఐఎస్-156 అనే భద్రతా ప్రమాణం దాటాలి. 2022లో ఎలక్ట్రిక్ స్కూటర్లు వరసగా తగలబడ్డాక ఆ ప్రమాణాన్ని ఇంకా బిగించారు, ఒక సెల్‌లో పుట్టిన మంట ప్యాకంతా పాకకుండా ఉంటుందా అని కూడా చూస్తారు. చెన్నై పక్కన ఒరగడంలోనో పుణేలోనో టెస్ట్ స్లాట్ ముందే పట్టుకోవాలి, ఎన్ని ప్యాక్‌లు పాడైపోతాయో లెక్కేసి అదనంగా చేయించాలి, సెల్స్ అమ్మేవాడు డేట్ మారిస్తే మిగతావన్నీ కదపాలి. ఇవన్నీ ఇంజనీరు నెత్తిన వేస్తే ఇంజనీరింగ్ ఎవరు చేస్తారు? మేనేజర్ వద్దు అనడం తేలిక. ఆ పని మాత్రం ఎక్కడికీ పోదు, టీమ్‌లో కాదనలేని మెత్తటి మనిషి మీద పడుతుంది, చాలాచోట్ల అది అమ్మాయే.

కేఆర్‌పురం_చూపరి:
గూగుల్ 2002లో ఇంజనీరింగ్ మేనేజర్లను తీసేసి చూసింది. కొన్ని నెలలే నడిచింది. ఖర్చుల బిల్లులు, చిన్న చిన్న తగాదాలు కూడా నేరుగా కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకరైన లారీ పేజ్ దగ్గరికే వెళ్ళడం మొదలైంది. మళ్ళీ మేనేజర్లను పెట్టుకున్నారు.

వైట్‌ఫీల్డ్_కోడర్:
అది మనుషుల్ని చూసుకునే మేనేజర్ సంగతి, నేను మాట్లాడేది డేట్ పట్టుకుని వెంటపడే మేనేజర్ గురించి. మా పాత ఆఫీసులో ఆర్నెల్లు కష్టపడి ఒక ఫీచర్ చేశాం, ఎవరూ వాడలేదు. వాడరని మూడో నెలలోనే మాకు తెలుసు, ఇద్దరు ముగ్గురు చెప్పారు కూడా. ప్లాన్‌లో లేదని ఆపలేదు. టైముకి పూర్తిచేశాడని మేనేజర్‌కి మంచి రేటింగ్ వచ్చింది. దీనికి మీరు జవాబు చెప్పండి.

పెరంబూర్_పెద్దాయన:
నేను రైల్వేలో చేసి రిటైరై చెన్నైలోనే ఉండిపోయిన నెల్లూరు వాణ్ణి. తమ్ముడూ, నీ కోపం న్యాయమైందే, అయితే అది ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని కొలిచిన తీరు మీద ఉండాలి. 2018లో ఇక్కడి రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో ట్రైన్ 18 తయారైంది, ఇప్పుడు వందే భారత్ అంటున్నారే, అదే. విడిగా ఇంజను లేని 16 పెట్టెల రైలు, సుమారు ఏడాదిన్నరలో, దాదాపు 100 కోట్లలో. మెకానికల్, ఎలక్ట్రికల్ శాఖలు ఒకరి మాట ఒకరు వినని వ్యవస్థలో అప్పటి జీఎం సుధాంశు మణి గారు అందరినీ ఒక్క రైలు చుట్టూ కూర్చోబెట్టారు, రైల్వే బోర్డు దగ్గర అనుమతి పట్టుబట్టి తెచ్చుకున్నారు. అలా పైన కొట్లాడే మనిషి లేకపోతే డిజైనర్ గీసిన బొమ్మ బీరువాలోనే ఉండేది.

ఇంకోటి. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో పడింది. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేఖరుల ముందు మాటపడింది మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. మరుసటి ఏడాది జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు ప్రెస్ మీట్‌కి కలాం గారినే పంపారు. దీన్ని ధావన్ గారి మంచితనంగా అందరూ చెప్పుకుంటారు. నాకైతే అందులో పని కనబడుతుంది. మా మీద పడుతుందేమో అన్న టెన్షన్ లేకపోతేనే ఆ మధ్య నెలల్లో టీమ్ లోపం ఎక్కడుందో దాచకుండా వెతకగలదు. బ్యాటరీ అబ్బాయీ, మీవాళ్ళు గడులు పచ్చగా నింపుతున్నారంటే మీకు ఆ అండ లేదన్నమాట.

వైట్‌ఫీల్డ్_కోడర్:
పెద్దాయన గారూ, గౌరవంతోనే అంటున్నా, రైలు పరుగెత్తాలి, రాకెట్ పైకెళ్ళాలి, అక్కడ గమ్యం ముందే తెలుసు. మాకు గమ్యమే తెలియదు.

పీణ్య_సర్క్యూట్:
అప్పుడైతే మేనేజర్ ఇంకా ఎక్కువ కావాలి. చంద్రయాన్-2 ల్యాండర్ 2019లో కూలిపోయాక చంద్రయాన్-3కి వాళ్ళు ఏం చేశారో చూడండి. ఏది సరిగ్గా జరుగుతుంది అని కాకుండా ఏమేం చెడిపోవచ్చు అన్న ప్రశ్న నుంచి డిజైన్ మొదలుపెట్టారు. కాళ్ళు గట్టిచేశారు, ఇంధనం పెంచారు, మధ్యలో ఉన్న ఐదో ఇంజన్ తీసేశారు, 500 మీటర్ల చదరంలో దిగాలన్న షరతును నాలుగు కిలోమీటర్ల పొడవున్న ప్రాంతానికి సడలించారు. ఏ భయాన్ని ముందు తీర్చుకోవాలో వరస పెట్టడం, మన పనిలో మేనేజర్ చేయాల్సింది అదే అని నేను నమ్ముతాను. నేను ఇంతకుముందు చేసినచోట ఒక మేడమ్ ఉండేవారు. మేం కేసింగ్ డిజైన్‌తో మొదలుపెడతామంటే ఒప్పుకోలేదు, అది ఎలాగూ అయ్యేదే అన్నారు. "ఏది పనిచేయకపోతే మొత్తం మూసేయాలి? అది ముందు చేయండి" అన్నారు. మొత్తానికీ ఆధారమైన సెన్సర్ పనిచేయదని మొదటి నెలలోనే తేలింది. ప్రాజెక్ట్ ఆపించి, మమ్మల్ని ఇంకో పని మీద పెట్టి, పైవాళ్ళతో తిట్లు ఆవిడే తిన్నారు. కోడర్ గారూ, మీ ఫీచర్‌ని మూడో నెలలో ఆపగలిగే మనిషి ఆవిడే.

వైట్‌ఫీల్డ్_కోడర్:
అలాంటావిడ ఉంటే నేనూ పనిచేస్తాను. కంపెనీలు ఆ కుర్చీలో అలాంటివాళ్ళని కూర్చోబెట్టవు, నా గొడవ అదీ.

బొమ్మసంద్ర_బ్యాటరీ:
అందరికీ థ్యాంక్స్. మా షీట్‌లో శాతం తీసేసి, ఈ వారం ఏం తేలుతుంది, తేలకపోతే ఏది ఆగుతుంది అని రాద్దామని ఆయనతో మాట్లాడతాను. ఒప్పుకుంటాడో లేదో.

పెరంబూర్_పెద్దాయన:
షీట్ గురించి తర్వాత మాట్లాడొచ్చు నాయనా. ముందు ఆయన్ని టెస్ట్ గదికి తీసుకెళ్ళు. ప్యాక్ పగిలేటప్పుడు అద్దం వెనక నీ పక్కన నిలబడి ఒక్కసారి చూడనీ. ఎక్సెల్‌లో ఎర్ర గడి ఒక్కటే చూసిన మనిషికి దాని వెనక ఏముందో ఎలా తెలుస్తుంది?

బొమ్మసంద్ర_బ్యాటరీ:
గురువారం రెండో పదార్థంతో టెస్ట్ ఉంది. పిలుస్తాను.

వైట్‌ఫీల్డ్_కోడర్:
ఏమైందో ఇక్కడ రాయి బ్రో. అది చూశాక కూడా ఆయన శాతమే అడిగితే నేను మొదట చెప్పిన మాట మీదే ఉంటాను.