బాపమ్మ మనుమని పేరు మర్చిపోతున్నది, పిల్లగాడు దగ్గరికి పోతలేడు. ఏం చేయాలె?

ఎల్కతుర్తి_కోడలు:

మేముండేది హన్మకొండల. మా అత్తమ్మకు 74 ఏండ్లు. రెండేండ్ల కింద నరాల డాక్టరు చూసి అల్జీమర్స్ అన్నరు. షుగర్, బీపీ ఉన్నయి, చెవులు కొంచెం మందం. మా బాబుకు ఏడేండ్లు. పోయినేడు దాక ఇద్దరిది ఒకటే మంచం, ఒకటే పళ్లెం. ఇప్పుడు వాణ్ని తన తమ్ముని పేరు పెట్టి పిలుస్తది. "బడి అయిపోయిందా బిడ్డా" అని పది నిమిషాలల్ల ఐదుసార్లు అడుగుతది. వాడు మొదట్ల "తప్పు బాపమ్మా, నేను ఆయన కాదు" అని సరిదిద్దేటోడు, ఇప్పుడు ఆ అర్రల అడుగే పెడ్తలేడు. పోయిన వారం "నా పైసలు ఈ పోరడే తీసిండు" అన్నది. అప్పటి సంది ఇంకింత బెదిరిండు.

వానికి ఏమని చెప్పాలె? ఇద్దరు కూడి చేసే పని ఏమన్న ఉంటదా? నేను దుకాణం దాక పొయ్యొచ్చే గంట సేపు వాణ్ని ఆమె దగ్గర ఉంచొచ్చా?

తంగేడుపూలు:

ఆఖరిదానికి ముందు చెప్త: ఉంచొద్దు. ఆమె తలుపు తీసుకొని బయటికి నడిస్తే, పొయ్యి ముట్టిస్తే ఏడేండ్లోడు ఆపలేడు. ఆపలేకపోతే ఆ తప్పు తనదే అనుకుంటడు. పెద్దమనిషి ఒకరు ఇంట్ల ఉండాలె, పక్క అర్రల ఉన్నా నడుస్తది. బాపమ్మను కావలి కాసే పని పిల్లగానికి పడొద్దు, దగ్గర కూసునే పని ఒక్కటే వానిది.

వానికి చెప్పాల్సినయి శాన లేవు. బాపమ్మ మెదడుకు జబ్బు చేసింది. అది నీతోని రాలేదు, నీకు అంటుకోదు. పేరు యాదికి రాకున్నా నువ్వంటే ఆమెకు ఇష్టమే. ఈ ముక్కలు ఒక్కనాడు కూసోబెట్టి చెప్తే సరిపోదు, రెండు మూడు వారాలకోసారి మళ్ల చెప్పాలె. "నేను అల్లరి చేసినందుకే మర్చిపోయింది" అని లోపల అనుకునే పిల్లలు ఎక్కువ, పైకి అనరు. "తగ్గుతదా?" అని అడిగితే తగ్గదని చెప్పుండ్రి. తగ్గుతదని చెప్తే రోజూ ఎదురుచూస్తడు.

పేరు సంగతి. కొత్త సంగతులను పట్టి ఉంచే మెదడు భాగం అల్జీమర్స్‌ల ముందుగాల దెబ్బతింటది. అందుకే పొద్దున తిన్నది పోతది గని చిన్నప్పటి తమ్ముడు ఉంటడు. తమ్ముని పేరుతోటి పిలుస్తున్నదంటే వీణ్ని తన ప్రాణంలెక్క చూసుకున్న పిల్లగాని కింద కట్టినట్టు. సరిదిద్దితే ఆమెకు సిగ్గు, భయం మిగులుతయి, పేరు మాత్రం నిలువదు. వానికి ఇట్ల నేర్పుండ్రి: ఎదురుంగ పోవాలె, ఎనుకనుంచి పోయి పట్టుకోవద్దు. ఆమె కండ్ల ఎత్తుకు కూసోవాలె. "బాపమ్మా, నేను, నీ కొడుకు కొడుకును" అని ముందుగాల తనే చెప్పాలె. "నేనెవరో చెప్పు" అని ఎన్నడూ అడగొద్దు. ఇంటికొచ్చిన చుట్టాలు ఇదే అడుగుతరు, వాళ్లను గూడ ఆపుండ్రి. ఒకసారికి ఒకటే మాట, దాని ఎనుక మనసుల పది లెక్కపెట్టేటంత ఆగాలె. ఆమెకు మాట లోపలికి చేరి జవాబు తయారయ్యేసరికి అంత సేపు పడ్తది. పిల్లలు ఆగలేక రెండో మాట వేస్తరు, అప్పుడు మొదటిది గూడ చెదిరిపోతది.

అడిగిందే అడిగితే అదే చిన్న జవాబు, అదే గొంతు: "అయిపోయింది బాపమ్మా." మూడోసారికి చేతికి ఏదన్న పని అందియ్యాలె.

అసలు దారి ఆ పనే. చేతికి పట్టుబడ్డ పని మెదడుల వేరే తావుల ఉంటది, మాట కన్న శాన ఆలస్యంగ పోతది. మన దిక్కు ఆడోళ్లకు సర్వపిండి చేతుల ఉంటది. రెండు గ్లాసుల బియ్యప్పిండి, గంట నానిన శనగపప్పు రెండు చెంచాలు, నువ్వులు రెండు చెంచాలు, కరివేపాకు, కారం, ఉప్పు అన్నీ ముందే కొలిచి పళ్లెంల పెట్టుండ్రి. వేన్నీళ్లు మీరే పోసి ఒకసారి కలిపి, పిండి గోరువెచ్చగ అయినంక ఆమెకియ్యుండ్రి. చల్లగున్న సర్వ గిన్నెకు నూనె రాసి ముందు పెడితే వేళ్లు వాటంతటవే పిండిని అంచుల దాక ఒత్తుకుంట పోతయి. నడిమిట్ల వేలితోటి బొక్కలు పెట్టుడు బాబు పని, బొక్కకో నూనె బొట్టు ఆమె పని. పిండి గట్టిగుంటే అంచులు పగులుతయి, ఆమెకు చికాకొస్తది, కొన్ని నీళ్లు చల్లుండ్రి. పల్చగుంటే సర్వకు అంటుకుంటది. మూత పెట్టి సన్నమంట మీద పది పన్నెండు నిమిషాలు, పొయ్యి దగ్గర మాత్రం మీరే. మింగుడు ఇబ్బంది ఉంటే పల్లీలు వెయ్యొద్దు, శనగపప్పు గూడ మానుండ్రి.

ఈ పనులల్ల జరిగే తప్పు ఒకటే: ఆమె చేతులనుంచి తీసుకొని మనం సక్కగ చేసుడు. వంకర ఉన్నా ఉండనియ్యుండ్రి. ఇరవై నిమిషాలు చాలు. చూపు పక్కకు పోతే, కొంగు పిసుకుతుంటే అలిసిపోయిందని గుర్తు, ఆడికి ఆపాలె. పొద్దున తొమ్మిదింటి నుంచి పదకొండు నడుమ మంచిగుంటది. బడి ఉన్నదినాలు పగటి నిద్ర లేచినంక చూసుకోండ్రి.

మందుల_షాపు_కాజీపేట:

పైన చెప్పినవన్నీ సరైనవే. షుగర్ ఉందన్నారు కాబట్టి ఇంకొన్ని విషయాలు చూసుకోండి.

షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ గోలీ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి బీ12 విటమిన్ తగ్గుతుంది. అది తగ్గితే ఉన్న మతిమరుపు ఇంకా ఎక్కువవుతుంది. రక్తపరీక్షలో తేలిపోతుంది, బీ12 ఇస్తే ఆ మేరకు సరిచేసుకోవచ్చు. థైరాయిడ్ పరీక్ష కూడా దాంతోపాటే చేయించండి. షుగర్‌కు గ్లిమెపిరైడ్ రకం గోలీలుంటే, వేసుకున్నది మర్చిపోయి మళ్లీ వేసుకోవడం, తినకుండా వేసుకోవడం రెండూ ప్రమాదమే. షుగర్ 70 కన్నా తగ్గితే చెమటలు, తికమక, కోపం వస్తాయి. ఇంట్లోవాళ్లు దాన్ని జబ్బు ముదిరిందనుకుంటారు. గోలీల డబ్బా తాళం వేసిన అరలో పెట్టండి. ఆమె కోసమే కాదు, బాబు కోసం కూడా. గ్లిమెపిరైడ్ రకం గోలీ ఒక్కటి మింగినా చిన్నపిల్లలకు ప్రాణం మీదికి రావచ్చు.

జలుబుకు కౌంటర్ మీద అడిగి తెచ్చే మందుల్లో క్లోర్‌ఫెనిరమైన్ ఉంటే తికమక పెరుగుతుంది. నిద్రగోలీలు కూడా అంతే. డాక్టరును అడగకుండా ఇవ్వకండి. అల్జీమర్స్‌కు ఇచ్చే డోనెపెజిల్ వాడుతుంటే అది పోయిన జ్ఞాపకాన్ని తేదు, కొందరిలో కొంతకాలం నిలకడగా ఉంచుతుంది. రాత్రి వేసుకుంటే పీడకలలు వస్తున్నాయా చూడండి, డాక్టరు పొద్దుటికి మారుస్తారు. విరేచనాలు, నాడి నెమ్మదించడం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే వెంటనే చెప్పాలి.

మతిమరుపు నెలలు, ఏళ్ల మీద మెల్లగా పెరుగుతుంది. రెండు మూడు రోజుల్లో ఒక్కసారిగా మనిషి మారిపోతే అది వేరే సంగతి: మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, ఎండకు నీళ్లు చాలకపోవడం, మలబద్ధకం. ఆ రోజే దవాఖానకు తీసుకెళ్లండి. ఎండాకాలం దాహం వేసినా ఆమె అడగదు. రెండు గంటలకోసారి గ్లాసు చేతికివ్వాలి. నీళ్లు తక్కువ తాగమని డాక్టరు చెప్పి ఉంటే మాత్రం ఆ లెక్కే పాటించండి.

చెవులు మందమన్నారు. గుబిలి అడ్డం పడిందేమో ఒకసారి చూపించండి. వినపడక జవాబు చెప్పకపోయినా పిల్లవాడికి "నన్ను పట్టించుకోలేదు" అనే అనిపిస్తుంది.

ఎల్కతుర్తి_కోడలు:

శాన సంతోషం. సర్వపిండి ఆమె చేతులకు తెలిసిన పనే, ఈ ఆదివారమే పెడ్త. షుగర్‌తోని తినొచ్చా? పొద్దుగూకంగ "ఇంటికి పోత, అమ్మ ఎదురుచూస్తది" అని లేస్తది, దానికేం చేయాలె? ఒట్టిగ కూసున్నప్పుడు ఒళ్లో చేతులతోటి ఏదో చుడుతున్నట్టు తిప్పుతది. పెండ్లికి ముందు జగిత్యాల దిక్కు బీడీలు చేసిందట.

చింతచెట్టు_కింద:

సర్వపిండిని బువ్వకు బదులు తిననియ్యుండ్రి, బువ్వ మీద అదనంగ వద్దు. సగం ముక్క ఆమెకు, సగం బాబుకు.

ఆ తిప్పుడు బీడీ చుట్టుడే అయ్యుంటది. ఆపొద్దు. తంబాకు, తునికాకు ఇంట్లకు తేవద్దు గని, పాత కాగితం బీడీ ఆకంత ముక్కలు కత్తిరించి, ఒక దారపుండ ఇస్తే ఆ చేతులకు పని దొరుకుతది. అంతకన్న దూది ఒత్తులు ఇంకా మేలు. చిన్న పింజ, వేలికి రవ్వంత విభూది, రెండు అరచేతుల నడుమ ఒక్క రుద్దు. బాబు పింజలు విడదీసి ఇస్తడు, ఆమె చుడుతది, వాడు పదేసి కట్టలు కడ్తడు. దబ్బనం, కత్తెర అందకుండ చూడుండ్రి. దేన్నైనా నోట్ల పెట్టుకునే అలవాటు మొదలైతే గింజలు, గుండీలు తీసెయ్యాలె.

పైసల సంగతి. "నేను తియ్యలే" అని వాడు వాదించొద్దు, "అమ్మను పిలుస్త బాపమ్మా" అని బయటికి రావాలె. ఆమె ముందట వాని జేబులు ఎతకొద్దు, ఎతికితే నిజంగ తీసినట్టే అయితది. మీరు పోయి "పా, ఇద్దరం ఎతుకుదాం" అనుండ్రి. దిండు కింద, బియ్యం డబ్బాల, చీరె మడతలల్ల దొరుకుతది. ఆమె పైసలు పెట్టుకునే సంచి అసొంటిదే ఇంకొకటి, నాలుగు పది రూపాయల నోట్లతోటి తయారుగ పెట్టుకోండ్రి. పైసలు దొరికిన సంగతి బాబుకు గూడ చెప్పుండ్రి, లేకుంటే మనసుల ముల్లు ఉండిపోతది.

పొద్దుగూకే యాళ్లకు అలసట, మసక వెలుతురు, నీడలు కలిసి బెదురు పుట్టిస్తయి. చీకటి పడకముందే, ఐదు గంటలకే, అర్రల లైటు వెయ్యుండ్రి. టీవీ వార్తలు బందు. మధ్యాహ్నం తర్వాత చాయ్ తగ్గియ్యుండ్రి. ఆ యాళ్లకు పిల్లగాణ్ని దగ్గరికి పంపద్దు, వాడు బయట ఆడుకోవాలె. అమ్మ సచ్చిపోయిందని చెప్తే ఆమె అప్పుడే తెలిసినట్టు ఏడుస్తది, రేపు మళ్ల అదే. "అమ్మ ఏం వండేది? పచ్చిపులుసు చేసేదా?" అని ఆ దారిల పొండ్రి.

తలుపుకు గొళ్లెం పైన, చూపు ఆననికాడ పెట్టుండ్రి, కని ఆమెను ఒక్కదాన్ని లోపల పెట్టి తాళం మాత్రం వెయ్యొద్దు. మీ ఫోన్ నంబరు గుడ్డ ముక్క మీద రాసి జాకెట్ల లోపల కుట్టుండ్రి. కనబడకపోతే ముందు పాత ఇంటి దిక్కు ఎతుకుండ్రి. పది నిమిషాలల్ల దొరకకుంటే 112కు చెయ్యాలె, తాజా ఫొటో ఫోన్ల ఉండాలె. ముసలోళ్ల సహాయానికి 14567 ఉన్నది. మీకే గుండె బరువైతే, లేకుంటే బాబు నిద్రల ఉలికిపడ్తుంటే, 14416 టెలిమానస్‌ల, అంటే మనసు బాధలు చెప్పుకునే సర్కారు ఫోన్ల, తెలుగుల మాట్లాడుతరు.

తంగేడుపూలు:

బతుకమ్మ దగ్గరపడ్తున్నది గదా, అందుకు ఇంకొక్క మాట. పూలన్నీ ఒక్కసారి ముందట పోస్తే ఆమె చేతులు ఆగిపోతయి. గునుగు కాడలు ముందే మీరు సమంగ కోసి పెట్టుండ్రి. రంగులద్దిన గునుగు ఆమెకియ్యొద్దు, తెల్లదే చాలు. తాంబాళంల గుమ్మడాకులు పరిచి, ముందు తంగేడు ఒక్కటే బాబు చేతికియ్యుండ్రి. వాడు గుప్పెడు గుప్పెడు అందిస్తడు, ఆమె చుట్టు పేరుస్తది. ఆ వరుస అయినంక గునుగు, దాని మీద బంతి. నడుమ ఖాళీల ఆకుముక్కలు నింపుడు వాని పని. పాట ఆమె ఎత్తుకుంటే ఎత్తుకుంటది, లేకుంటే మీరు ఎత్తుకోండ్రి, "ఉయ్యాలో" కాడికి ఆమె గొంతు కలుస్తది. వాకిట్ల గుంపుల నిలబెట్టొద్దు, చప్పుడుకు బెదురుతది. ఇంట్లనే పేర్చి, ఆడేది కుర్చీలకెల్లి చూస్తే చాలు.

గౌరమ్మను మాత్రం ఆమెనే చెయ్యనియ్యుండ్రి. గిన్నెల పసుపు మూడు చెంచాలు వేసి ముందు పెట్టుండ్రి. నీళ్లు బాబు పోస్తడు, చెంచాతోటి, ఆమె "సాలు" అనేదాక.