సమస్యాపూరణం: “తలుపు వదులు కాగ దప్పె ముప్పు”

నిర్వాహకుడు: ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇచ్చాను, మొదటి మూడూ మీరు రాయాలి. మీ కలం పేర్లు మత్తకోకిల, తేటగీతి, ముత్యాలసరం అయినా పూరణ ఆటవెలదిలోనే ఉండాలి. గొంతుకీ అన్నవాహికకీ నడుమ ఉండే కండర కవాటం మీదే పూరించాలి. తలుపు వదులైతే ముప్పు రావాలి గానీ తప్పడమేమిటి? చిక్కంతా అక్కడే.

మత్తకోకిల:
కంఠ మడుగు నున్న కండరంబు బిగించి
గాలి పోకయుండ గాచుచుండు
మింగు వేళ నదియె మెల్లగా సడలెను
తలుపు వదులు కాగ దప్పె ముప్పు

తేటగీతి: యతులు చక్కగా కుదిరాయండీ. ఊపిరి పీల్చినప్పుడు గాలి అన్నవాహికలోకి పోకుండా ఈ కండరం బిగుసుకునే ఉంటుంది, రెండో పాదంలో ఆ సంగతి పట్టారు. అభ్యంతరం “మెల్లగా” దగ్గరే. మింగేటప్పుడు అది తెరుచుకుని ఉండేది సెకను లోపే. ఆలస్యమైతే ముద్ద పైనే నిలిచి శ్వాసనాళంలోకి జారవచ్చు. “మింగు వేళ నదియె మెఱుపట్లు సడలెను” అంటే యతీ చెడదు, విషయమూ చెడదు.

మత్తకోకిల: సవరణ తీసుకుంటున్నానండీ.

ముత్యాలసరం:
ముద్ద చేరినంత ముందుకు పైకిని
స్వరపు పేటి లేచి సాయపడగ
వెనుక నున్న కండ విప్పుకొనెను పట్టు
తలుపు వదులు కాగ దప్పె ముప్పు

నిర్వాహకుడు: నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. కండరం సడలితే చాలు, దారి తెరుచుకుంటుందని చాలామంది అనుకుంటారు. క్రికోఫారింజియస్ అనే ఈ కండరం రెండు కొసలూ స్వరపేటిక అడుగున ఉండే క్రికాయిడ్ మృదులాస్థికి అతుక్కుని, ఇంగ్లీషు ‘సి’ అక్షరంలా వెనక నుంచి చుట్టుకుని ఉంటుంది. అంటే ముందు గోడ మృదులాస్థే. గడ్డం కింది కండరాలు, నాలుక మొదట్లో ఉండే హయాయిడ్ ఎముకనీ దాంతోపాటు స్వరపేటికనీ ముందుకూ పైకీ లాగితేనే దారి బాగా విచ్చుకుంటుంది. గుటక వేస్తూ గొంతు మీద వేలు పెట్టి చూడండి, ఆ లేవడం తెలుస్తుంది. “వెనుక నున్న కండ” ఎంత సరిగ్గా పడిందో!

తేటగీతి:
త్రేన్పు రాక యుబ్బి తెగబాధపడువాని
కుతిక కండరమున కొక్క సూది
మందు పొడిచినంత మార్గంబు విడివడె
తలుపు వదులు కాగ దప్పె ముప్పు

ముత్యాలసరం: కొత్త దారి తొక్కారు! త్రేన్పు రానివాళ్ళకి ఈ కండరంలో బొటాక్స్ (కండరాన్ని సడలించే మందు) ఇచ్చిన ఫలితాల్ని గొంతు వైద్యుడు రాబర్ట్ బాస్టియన్ వాళ్ళు 2019లో ప్రచురించారు. కాకపోతే ఉబ్బరం ఎంత నరకమైనా సాధారణంగా ప్రాణం మీదికి రాదు, “ముప్పు”కి బరువు చాలలేదు. కండరం సడలక మింగలేనివాళ్ళకీ అదే మందు వాడతారు కదా. మొదటి పాదాన్ని “మెతుకు దిగక గొంతు మెలిపెట్టు రోగికి” అని మార్చి చూడండి.

తేటగీతి: పాదం బాగుందండీ. అయినా త్రేన్పునే ఉంచుతాను. ఈ తలుపు పైకి వచ్చే గాలికీ తెరుచుకోవాలన్న మాట మిగతా పూరణల్లో రాలేదు. ముప్పుకి బరువు తెచ్చేలా మూడో పాదం తిరగరాసి రేపు పెడతాను.