మన కుంటల్లో అమెరికా బాస్ చేపను వదలొచ్చా? కొరమీను ఉండగా అది దేనికి?

చీనీతోట (కళ్యాణదుర్గం)

అందరికీ నమస్కారం. అమెరికాలోని జార్జియాలో ఎనిమిదేళ్లు ఉద్యోగం చేసి పోయినేడాది ఊరికి తిరిగొచ్చాను. అక్కడ నాకు పట్టుకున్న ఇష్టం ఒకటుంది. సాయంత్రం పూట కుంట గట్టున నిలబడి ఫ్లై రాడ్‌తో లార్జ్‌మౌత్ బాస్ (పెద్దనోటి బాస్) చేపను పట్టడం.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. మామూలు గాలంలో ఎరకో, దారానికి కట్టిన సీసానికో బరువుంటుంది. విసిరితే ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లైకి బరువుండదు. ఈకలు, వెంట్రుకలు, బెండు ముక్క కొక్కేనికి చుట్టి చేస్తారు. బరువంతా లైన్‌లోనే ఉంటుంది. రాడ్‌ను వెనక్కీ ముందుకీ ఊపితే లైన్ గాల్లో బారుగా చాపుకుని, చివరనున్న ఫ్లైని మెల్లగా నీళ్ల మీద దించుతుంది. బాస్‌కు ఎక్కువగా వేసేది పాపర్. దాని మూతి గిన్నెలా గుంతగా ఉంటుంది. తామరాకుల అంచున దించి, నీళ్లలో లేచిన వలయాలన్నీ అణిగేదాకా కదపకుండా ఆగాలి. అప్పుడు ఒక్క లాగు. ‘బుడుక్’మని శబ్దం వస్తుంది. ఆ మరుక్షణం నీళ్లు గుంత పడి, పాపర్ కనబడకుండా పోతుంది. ఎనిమిదేళ్లలో ఎన్నిసార్లు చూశానో, ప్రతిసారీ గుండె ఝల్లుమంటుంది.

మా చీనీ చెట్ల డ్రిప్ కోసం అర ఎకరంలో కుంట తవ్వించాం. పదడుగుల లోతు, అడుగున షీటు పరిచాం, నీళ్లు బోరువి. దానికి మరవ (నిండితే నీళ్లు పొర్లిపోయే దారి) లేదు, వంకతో సంబంధం లేదు. అందులో ఒక యాభై బాస్ పిల్లల్ని తెచ్చి వదలాలని నా కోరిక. తప్పంటే ఎందుకు తప్పో చెప్పండి.

మరవనీళ్లు (పోరుమామిళ్ల)

అన్నా, వద్దు. నీ ఇష్టం నాకు అర్థమైంది, అయినా వద్దనే చెబుతాను.

మా ఊరి చెరువు అనంతరాజసాగరం, బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించింది. 1369 నాటి శాసనం ఇప్పటికీ ఉంది. చెరువు నిలవాలంటే ఏమేం కావాలో పన్నెండు అంశాలు, ఏమేం ఉండకూడదో ఆరు దోషాలు అందులో చెక్కించారు. అప్పటినుంచీ సీమలో నీళ్ల లెక్క ఒక్కటే. పైచెరువు మరవ పారితే కిందిచెరువు నిండుతుంది, అది పారితే వంక, వంక పోయి పెన్నలో కలుస్తుంది. ఇక్కడ ఏ నీళ్లూ ఒంటరివి కావు.

జపాన్‌వాళ్లు ఈ చేపను 1925లో ఆషి అనే ఒకే ఒక్క సరస్సుకు తెచ్చుకున్నారు. తర్వాత అది దేశమంతా పాకింది. ఎక్కువచోట్ల గాలం వేసే మనుషులే మోసుకెళ్లి వదిలారు. బివా సరస్సులో స్థానిక చేపలు తగ్గిపోయాయి. 2003 నుంచి అక్కడి షిగా ప్రాంతంలో పట్టిన బాస్‌ను తిరిగి నీళ్లలో వదలడం నిషేధం. 2005లో జపాన్ ప్రభుత్వం దాన్ని హానికర విదేశీ జాతుల జాబితాలో చేర్చింది. ఇంకో సంగతి విను. గ్వాటెమాలాలో అతిత్లాన్ సరస్సులో 1960 ప్రాంతంలో బాస్‌ను వదిలారు, పర్యాటకులు గాలం వేసుకోవడానికే. ఆ సరస్సులో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేని ఒక నీటిపిట్ట తినే చిన్న చేపల్ని, పీతల్ని అది తినేసింది. వేరే కారణాలూ తోడయ్యాయి, 1990 నాటికి ఆ పిట్ట లేకుండా పోయింది. ఇవన్నీ సరదాగా మొదలైనవే అన్నా.

చీనీతోట

తమ్ముడూ, నువ్వు చెప్పినవి సరస్సులు. నాది షీటు పరిచిన కుంట. ఇంకో మాట. మనం పెంచేవన్నీ మన చేపలేనా? వెండి చేప (సిల్వర్ కార్ప్), గడ్డి చేప (గ్రాస్ కార్ప్) 1959లో బయటి దేశాల నుంచి తెచ్చినవే. ఊటీలో, కాశ్మీర్‌లో ట్రౌట్‌ను తెల్లవాళ్లు తెచ్చి వదిలారు, ఇప్పుడు దాన్ని చూపించే టూరిస్టుల్ని పిలుస్తున్నారు. నువ్వన్న బివాలోనే 2009లో 10 కిలోలు దాటిన బాస్ దొరికింది. 1932లో జార్జియాలో పట్టిన ప్రపంచ రికార్డుతో సమానం! దాని కోసమే జనం ఎక్కడెక్కడినుంచో అక్కడికి పోతున్నారు. ఆ డబ్బు మన పల్లెకు వస్తే చేదా?

పాతగాలం (కర్నూలు)

నాయనా, నా వయసు అరవై రెండు. సుంకేసుల బ్యారేజీ దగ్గర, కె.సి. కాలువ మీద నలభై ఏళ్లుగా గాలం వేస్తున్నాను. షీటు కుంట సంబంధం లేనిదన్నావు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు ఊరి మీద పడ్డాయి. మా ఇంట్లో మొదటి అంతస్తు దాకా నీళ్లు. నీళ్లు తీశాక మా వంటింట్లో సింకు కింద ఒక జెల్ల ప్రాణంతో కొట్టుకుంటూ ఉంది. నా చేత్తో తీసి బకెట్‌లో వేశాను. చేపకు దారి లేదని ఎవరైనా అంటే నాకు ఆ జెల్లే కళ్లముందు ఆడుతుంది.

వరదే రానక్కర్లేదు. జిలేబీ చేప (తిలాపియా) సంగతి చూడు. 1952లో మన దేశానికి తెచ్చారు, ఏడేళ్లు తిరక్కుండానే ఇక పెంచొద్దన్నారు. అప్పటికే ఒక కుంట నుంచి ఇంకో కుంటకు జనం బిందెల్లో మోసేశారు. ఈరోజు నువ్వు వానపాము గుచ్చి ఏ కాలువలో వేసినా ముందు అదే తగులుతుంది. నీ కుంటలో బాస్ పడిందని తెలిస్తే నీ పక్క చేనివాడు, వాడి బావమరిది రెండు పిల్లలు అడగరా? నువ్వు కాదనగలవా?

మరవనీళ్లు

అన్నా, వెండి చేప పేరు నువ్వే ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. హిమాచల్‌లో గోవింద్‌సాగర్ జలాశయంలోకి ఆ చేపను ఎవరూ కావాలని వదల్లేదు. 1971లో వరదకు ఒక ఫారం నుంచి తప్పించుకుని పోయింది. అంతకుముందు అక్కడ బాగా దొరికే బొచ్చె తర్వాత పడిపోయింది. అది కూడా ‘సంబంధం లేని’ ఫారమే. పైగా వెండి చేప తినేది నీళ్లలో తేలే నాచు. బాస్ తినేది చేపను. పై దవడ కన్ను దాటి వెనక్కి పోయేంత నోరు కాబట్టే దానికి ఆ పేరు.

ఇంకా, విదేశీ చేపను తేవాలంటే కేంద్రం అనుమతి కావాలి. దొంగచాటుగా తెస్తే రోగాలు కూడా వెంట వస్తాయి.

సొసైటీ ఇంటిపిల్లోడు (మైలవరం)

మా నాయన, చిన్నాయన మత్స్యకార సొసైటీ సభ్యులు. ఇక్కడ అందరూ గాలం వైపు నుంచే మాట్లాడుతున్నారు, వల వైపు నుంచి నేను చెబుతాను. ఏటా వానలు పడ్డాక బొచ్చె, రాగండి పిల్లల్ని నీళ్లలో వదులుతాం. వేలెడు పిల్ల కిలో అయితే మా ఇంట్లో ఫీజులు కడతారు. ఆ వేలెడు పిల్లే మీ బాస్‌కు ఒక్క గుటక. మీకు అది ఆట సామీ, మాకు కూడు.

కొరమీను కూడా మాంసం తినేదే కదా అని అడుగుతారు. అవును, తింటుంది. కానీ అది ఈ నీళ్లతో పాటు పుట్టి పెరిగింది. ఎండాకాలం చెరువు ఎండిపోయినా తడి బురదలో గాలి పీల్చుకుంటూ ఉంటుంది. అది ఎక్కడుంటుందో, ఎప్పుడు గుడ్లు పెడుతుందో మాకు తెలుసు.

అయితే గాలం అన్నలతో నాకు ఇంకో తగాదా ఉంది. వానాకాలంలో కొరమీను పిల్లలు గుంపుగా పైకి తేలతాయి. నీళ్ల మీద కుంకుమ చల్లినట్టు ఎర్రగా కదులుతూ ఉంటాయి. వాటి కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. చాలామంది ఆ గుంపు మీదే కప్ప బొమ్మ వేస్తారు, ఎందుకంటే పెద్దవి కోపంతో కచ్చితంగా కొడతాయి. ఒక చేప చేతికొస్తుంది, వందల పిల్లలు గంటలో జెల్లల పాలవుతాయి. ముందు దీని గురించి మాట్లాడండి.

తూముకాడ (శింగనమల)

సొసైటీ తమ్ముడి మాట నూటికి నూరు పాళ్లు నిజం. నేనూ రెండేళ్ల కిందటి దాకా ఆ పని చేశాను. ఒకసారి పెద్దదాన్ని పట్టి గట్టున వేసి తిరిగి చూస్తే ఆ ఎర్రగుంపు అక్కడక్కడే తిరుగుతోంది, ఎటు పోవాలో తెలియనట్టు. ఆ రోజుతో మానేశాను.

చీనీతోట అన్నా, నీకు కావలసింది ఆ ‘బుడుక్’ శబ్దం, ఆ దెబ్బ. అవి రెండూ కొరమీనులో ఉన్నాయి. నేను ఎనిమిదో నంబర్ ఫ్లై రాడ్‌తో పాపర్ వేసి పడుతున్నాను. బాస్‌కూ కొరమీనుకూ తేడాలున్నాయి. కొరమీను గాలి కోసం పైకొచ్చి గుటక వేస్తుంది, బుడగ కనబడుతుంది. పాపర్‌ను ఆ బుడగ మీద వెయ్యకు, తల తిరిగిన వైపు మూడు నాలుగు అడుగుల ముందు వెయ్యి. అది దవడ బిగించి పట్టుకుంటుంది, ఎముక గట్టిది, పళ్లున్నాయి. కొక్కెం బలంగా ఉండాలి, చివరి దారం మందంగా ఉండాలి. దెబ్బ పడగానే రాడ్ ఎత్తితే నోట్లోంచి జారిపోతుంది. ఒక్క క్షణం ఆగి, లైన్‌ను చేత్తో గట్టిగా లాగు. గడ్డి పట్టకుండా కొక్కేనికి అడ్డంగా సన్నటి తీగ కట్టుకో.

పాతగాలం

ఇదంతా దేనికబ్బా, బతికున్న కప్పను గుచ్చితే కొరమీను పరుగెత్తుకుంటూ వస్తుంది.

తూముకాడ

పెద్దాయనా, వస్తుంది, కాదనను. కానీ కప్పను మింగేస్తే కొక్కెం కడుపులో దిగుతుంది. చిన్నదైనా వదలలేం. పాపర్ అయితే దాదాపు ప్రతిసారీ పెదవికే తగులుతుంది, పిల్ల చేపైతే తీసి వదిలేయొచ్చు. కప్ప మాత్రం ఏం పాపం చేసింది?

చీనీతోట

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. షీటు కుంట విషయంలో నేను ఇంకా పూర్తిగా ఒప్పుకోవడం లేదు. కానీ పక్క చేనివాడు రెండు పిల్లలు అడిగితే కాదనగలవా అని పెద్దాయన అడిగిందానికి నా దగ్గర జవాబు లేదు. మా పక్క చేను మా మేనమామది. బాస్ మాట ఇక ఎత్తను.

ఆ కుంటలో కొరమీను పిల్లల్ని వేద్దామనుకుంటున్నాను. తూముకాడ అన్నా, శింగనమల వస్తే ఒకరోజు నీ పక్కన నిలబడి చూడొచ్చా? సొసైటీ తమ్ముడూ, పిల్లలు ఎక్కడ దొరుకుతాయి?

సొసైటీ ఇంటిపిల్లోడు

మంచి మాట అన్నా. పిల్లల్ని నేను చూసిపెడతాను. ముందు గట్టు చుట్టూ వల కట్టించు. గట్టిగా వాన పడిన రాత్రి కొరమీను గడ్డి మీద పాక్కుంటూ గట్టెక్కి పోతుంది. వల కింది అంచును మట్టిలో పూడ్చడం మరిచిపోవద్దు, అది సందు చూసుకునేది అక్కడే.