దాతల నిధి నుంచి వచ్చే ఉపకార వేతనం అప్పా, కానుకా?

ప్రశ్న – వృక్షశాస్త్ర విద్యార్థిని, కోనసీమ

సభ్యులందరికీ నమస్కారం. నేను వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తి చేశాను. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సస్యవిజ్ఞానంలో ఎం.ఎస్. చదవడానికి ఈ ఆగస్టుకు ప్రవేశం దొరికింది. నాన్నగారు కౌలు రైతు. మాకు ఇల్లు తప్ప తాకట్టు పెట్టదగిన ఆస్తి లేదు. దాతలు నెలకొల్పిన అవార్డులకు విడిగా దరఖాస్తు చేసుకోవచ్చనీ, ఎంపికైతే దాతకు కృతజ్ఞతా లేఖ రాయవలసి ఉంటుందనీ ప్రవేశపత్రంతో పాటు వచ్చిన ఉత్తరంలో ఉంది. ముక్కూ ముఖం తెలియనివారి సొమ్ము తీసుకుంటే రేపు ఏ బాధ్యత మెడకు చుట్టుకుంటుందోనని అమ్మ భయపడుతోంది. అవార్డులు చాలావరకు 1,000 డాలర్లు, 1,500 డాలర్ల లోపువే కావడంతో, వాటికోసం వ్యాసాలు రాస్తూ కూర్చోవడం కంటే బ్యాంకు చుట్టూ తిరగడం మేలని బంధువులు అంటున్నారు. టాటా, మహీంద్రా ట్రస్టుల పేర్లు కూడా విన్నాను. దేనికి ముందు ప్రయత్నించాలో తెలిసినవారు చెప్పగలరని మనవి.

సమాధానం – విశ్రాంత ఆచార్యులు, కాకినాడ

అమ్మా, ముందు మీ అమ్మగారి భయం తీరాలి. మన గుడులలో శాశ్వత పూజ పథకం ఉంటుంది కదా. భక్తుడు ఒక్కసారి కొంత మొత్తం కడితే దేవస్థానం అసలును ముట్టుకోకుండా బ్యాంకులో ఉంచి, దానిపై వచ్చే వడ్డీతో ఏటా అతడు కోరిన రోజున పూజ జరిపిస్తుంది. విశ్వవిద్యాలయాలలో దాతల నిధి కూడా చాలావరకు ఇలాగే నడుస్తుంది. ఒక పూర్వవిద్యార్థి గానీ, మరణించిన బిడ్డ జ్ఞాపకార్థం తల్లిదండ్రులు గానీ ఇచ్చిన మూలధనాన్ని పెట్టుబడిగా ఉంచి, ఏటా అందులో సుమారు 4 నుంచి 5 శాతం మాత్రమే ఖర్చు చేస్తారు. 50,000 డాలర్ల నిధి ఉంటే ఏడాదికి చేతికి వచ్చేది 2,000 డాలర్ల పైచిలుకే. మీకు కనిపిస్తున్న అవార్డులు చిన్నవిగా ఉండటానికి కారణం ఇదే. అందులో దాత పిసినారితనమేమీ లేదు.

ఆ డబ్బు అప్పు కాదు, తిరిగి కట్టనక్కరలేదు. డబ్బు ఇచ్చేది విశ్వవిద్యాలయమే గనుక దాతకూ మీకూ మధ్య నేరుగా ఏ లావాదేవీ ఉండదు. ఎవరికి ఇవ్వాలో నిర్ణయించేది ఎంపిక సంఘం. తన సొమ్ము ఫలానా విద్యార్థికే చేరాలని దాత పట్టుబడితే అమెరికా పన్ను చట్టం ప్రకారం అతడికి విరాళపు రాయితీ దక్కదు. అయితే ఏ శాఖవారికి, ఎటువంటి విద్యార్థికి అన్న షరతును మాత్రం నిధి ఏర్పాటు చేసేటప్పుడే దాత ఒప్పందంలో రాయించవచ్చు. మీరు శ్రద్ధగా చదవవలసినది ఆ షరతునే. నేను పనిచేసిన చోట కొన్నేళ్లు బహుమతుల ఎంపిక సంఘంలో ఉన్నాను. ఒక్కొక్క సంవత్సరం ఒక నిధికి షరతుకు సరిపోయే దరఖాస్తు ఒక్కటీ రాక, ఆ సొమ్ము అలాగే మిగిలిపోవడం చూసి బాధపడ్డాను. అర్హత ఉన్న పిల్లలు పక్క గదిలోనే చదువుతూ ఉండేవారు.

మా ఊరి విషయం ఒకటి చెప్పాలని ఉంది. యెల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డుకు వెళ్లగలిగారంటే మామగారు కూడగట్టిన డబ్బుతో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సహాయపు హామీ కూడా కారణం. ఆ డబ్బు చాలక బోస్టన్‌లో ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేశారన్నది కూడా నిజమే. కానీ ఆ హామీయే లేకపోతే ఆయన ఓడ ఎక్కేవారే కారేమో. దాత సొమ్ముతో చదువుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదని అమ్మగారికి చెప్పండి.

సమాధానం – పరిశోధక విద్యార్థి, టెక్సాస్

నమస్కారమండీ. ఆచార్యులవారు చెప్పినదానికి ఇక్కడి సంగతి ఒకటి చేర్చాలి. 1,000 డాలర్ల అవార్డును తేలికగా తీసుకోవద్దని మీ బంధువులకు చెప్పండి. టెక్సాస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ఒక నియమం ఉంది. పోటీ ద్వారా ఇచ్చే ఉపకార వేతనం ఒక విద్యా సంవత్సరానికి కనీసం 1,000 డాలర్లు వచ్చిన విద్యార్థికి, అతడు విదేశీయుడైనా సరే, ఆ రాష్ట్రవాసులు కట్టే బోధన రుసుమునే వర్తింపజేయవచ్చు. బయటివారి రుసుముకూ రాష్ట్రవాసుల రుసుముకూ మధ్య తేడా అవార్డు మొత్తానికి ఎన్నో రెట్లు ఉంటుంది. నేను చేరిన మొదటి ఏడాది నన్ను నిలబెట్టింది ఆ తేడాయే.

అయితే దీనికి నిబంధనలున్నాయి. ఆ అవార్డును విశ్వవిద్యాలయం అధికారికంగా గుర్తించిన ఎంపిక సంఘం ఇచ్చి ఉండాలి. టెక్సాస్ విద్యార్థులు కూడా పాల్గొన్న పోటీలో మీరు నెగ్గి ఉండాలి. అందుచేత భారతదేశంలోని ట్రస్టు ఎంత పెద్ద మొత్తం ఇచ్చినా ఈ సౌకర్యానికి పనికిరాదు. పైగా ఒక విశ్వవిద్యాలయం ఈ పద్ధతిలో రుసుము తగ్గించే విద్యార్థుల సంఖ్య, అంతకుముందు ఏడాది అదే సెమిస్టరులో నమోదైన మొత్తం విద్యార్థులలో 5 శాతానికి మించకూడదు. కాబట్టి మీ శాఖ సమన్వయకర్తకు ఈరోజే మెయిల్ పంపి, ఏయే అవార్డులు ఈ కోవలోకి వస్తాయో స్పష్టంగా అడగండి. ఎవరో చెప్పగా విన్నానని రాయకుండా, నియమాన్ని ప్రస్తావించి అడిగితే సమాధానం త్వరగా వస్తుంది.

వ్యాసం గురించి నా అనుభవం చెబుతాను. మొదటిసారి ఒకే వ్యాసాన్ని తొమ్మిది అవార్డులకు పంపాను, ఒక్కటీ రాలేదు. మరుసటి ఏడాది ఒక్కో నిధి వివరణను చదివి, ఆ దాత ఏ కోరికతో ఇచ్చారో దానికి నా చదువు ఎలా సరిపోతుందో ఒక్కో పేరాలో వేర్వేరుగా రాశాను. పత్తి పరిశోధనకు పెట్టిన నిధికి రాస్తున్నప్పుడు మా నాన్న గులాబీరంగు పురుగు దెబ్బకు చేను దున్నేసిన సంవత్సరం గురించి రాశాను. ఆ నిధే నాకు వచ్చింది. మీరు కౌలు రైతు బిడ్డ. వరి నారుమడి నుంచి ధాన్యం అమ్మేదాకా చూసినవారు. ఆ అనుభవాన్ని బీదతనపు కథగా కాకుండా, మీ పరిశోధన ప్రశ్న పుట్టిన చోటుగా చూపించండి.

ఎంపికైనట్టు ఉత్తరం వచ్చాక గడువులోగా అంగీకారం తెలపడం కూడా మరచిపోవద్దు. నా మిత్రుడొకరు ఆ మెయిల్ చూడటం ఆలస్యమై, అవార్డు తరువాతి విద్యార్థికి వెళ్లిపోయింది.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్మకు శాశ్వత పూజ ఉదాహరణ చదివి వినిపించాను, వెంటనే అర్థమైంది. రుసుము తగ్గింపు సంగతి మాకెవరికీ తెలియదు. ఇక టాటా, మహీంద్రా ట్రస్టుల సహాయం కూడా ఇలాంటిదేనా? రెండుచోట్లా సాయం తీసుకుంటే ఇబ్బంది వస్తుందా?

సమాధానం – విద్యా సలహాదారు, హైదరాబాద్

ఇక్కడ పదాలను జాగ్రత్తగా చూడాలి. జంషెడ్‌జీ టాటా 1892లో నెలకొల్పిన జె.ఎన్. టాటా ఎండోమెంట్ ఇచ్చేది రుణ రూపంలోని ఉపకార వేతనం, అంటే తిరిగి చెల్లించవలసినది. మాజీ రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ లండన్‌లో చదువుకున్నది టాటాల సహాయంతోనే. అక్కడ ఎంపికైనవారికి ప్రయాణ ఖర్చుల గ్రాంటు, విదేశంలో చదువులో చూపిన ప్రతిభనుబట్టి కానుక అవార్డు వచ్చే అవకాశం కూడా ఉంది. ఈ రెండూ తిరిగి కట్టనక్కరలేనివి. కె.సి. మహీంద్రా ట్రస్టు, నరోత్తమ్ సేఖ్‌సరియా ఫౌండేషన్ ఇచ్చేవి వడ్డీ లేని రుణాలు. బ్యాంకు వడ్డీతో పోలిస్తే ఇవి ఎంతో మేలైనవే, కానీ అమ్మగారికి మాత్రం ఇవి అప్పులేనని ముందే చెప్పండి. గడువులు ఏటా మారుతుంటాయి గనుక ఆ సంవత్సరపు ప్రకటనను ట్రస్టు సొంత వెబ్‌సైటులోనే చూడండి.

ఈ చర్చను చదువుతున్న ఇంజినీరింగ్ విద్యార్థులకు ఒక మాట. ఇన్‌లాక్స్ శివదాసానీ ఫౌండేషన్ లక్ష డాలర్ల వరకు తిరిగి కట్టనక్కరలేని సహాయం ఇస్తుంది గానీ ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్, వ్యాపార నిర్వహణ, వైద్యం చదివేవారిని పరిగణించదు. లేడీ మెహర్‌బాయి టాటా ట్రస్టు మహిళలకు ఇచ్చే గ్రాంట్లు సాంఘిక రంగాల చదువులకు ఉద్దేశించినవి.

రెండుచోట్లా సాయం తీసుకోవడం తప్పు కాదు, దాచడమే తప్పు. బయటి సహాయం వచ్చిందని తెలిసినప్పుడు కొన్ని విశ్వవిద్యాలయాలు తాము ఇచ్చేదాన్ని ఆ మేరకు తగ్గిస్తాయి. అందుచేత ఏ అవార్డునైనా అంగీకరించే ముందు, బయటి నుంచి మరొకటి వస్తే దీన్ని తగ్గిస్తారా అని ఆర్థిక సహాయ కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగండి. దరఖాస్తుకు స్వల్ప రుసుము తీసుకునే నిజమైన ట్రస్టులు ఉన్నాయి. కానీ మీరు ఎంపికయ్యారు, సొమ్ము విడుదల కావాలంటే ఇంత జమ చేయండి అని ఎవరైనా ఫోన్ చేస్తే అది నూటికి నూరుపాళ్లు మోసం.

సమాధానం – పరిశోధక విద్యార్థి, టెక్సాస్

పన్ను విషయం కూడా చెప్పేస్తాను. డిగ్రీ కోసం చదివేవారికి బోధన రుసుముకూ, తప్పనిసరి ఫీజులకూ, పుస్తకాలకూ వాడిన ఉపకార వేతనంపై అమెరికాలో పన్ను ఉండదు. ఇంటి అద్దెకూ తిండికీ ఇచ్చిన భాగం మాత్రం పన్ను లెక్కలోకి వస్తుంది. విద్యార్థి వీసాపై ఉన్న మన వంటివారికి ఆ భాగం మీద సాధారణంగా 14 శాతం పన్నుగా ముందుగానే పట్టుకుంటారు. భారత–అమెరికా పన్ను ఒప్పందం వల్ల మన విద్యార్థులకు ప్రామాణిక తగ్గింపు (స్టాండర్డ్ డిడక్షన్, అంటే పన్ను లెక్కించే ముందు ఆదాయంలోంచి తీసివేసే నిర్ణీత మొత్తం) లభిస్తుంది కాబట్టి, ఏడాది చివర రిటర్ను సరిగా దాఖలు చేస్తే అందులో చాలాభాగం తిరిగి వస్తుంది.

సమాధానం – విశ్రాంత ఆచార్యులు, కాకినాడ

కృతజ్ఞతా లేఖను పొగడ్తలతో నింపవద్దమ్మా. మీ ఊరు, మీరు చదువుతున్న అంశం, ఆ సొమ్ము ఏ ఖర్చుకు అక్కరకు వచ్చిందో ఒక పుటలో రాస్తే చాలు. దాతలు ఇలాంటి ఉత్తరాలను దాచుకోవడం నేనెరుగుదును. బిడ్డ జ్ఞాపకార్థం నిధి పెట్టిన ఒక తల్లి, ప్రతి ఏడాదీ ఆ లేఖ వచ్చిందా అని మా కార్యాలయానికి కబురు పంపేవారు.

ప్రశ్నించినవారు

శాఖ సమన్వయకర్తకు ఈ ఉదయమే మెయిల్ పంపాను. రుసుము తగ్గింపు కోవలోకి వచ్చే అవార్డులు మా శాఖలో రెండు ఉన్నాయనీ, నెలాఖరు వరకు గడువుందనీ జవాబు వచ్చింది. అందులో ఒకటి వరి పరిశోధనకు సంబంధించినదే. దాని వివరణను రెండుసార్లు చదివాను. ఈ రాత్రి వ్యాసం మొదలుపెడుతున్నాను.