పానా జారి కణుపు తెగింది, గాటులో గ్రీజు ఉండిపోయింది. గ్లౌజులు వేసుకుంటే సరిపోతుందా?

ప్రశ్న (మారతహళ్ళి నుంచి):
నమస్కారం. మాది హిందూపురం, ఉద్యోగం బెంగళూరులో. నాన్న తొక్కిన పాత సైకిల్‌కి 36 వోల్టుల, 250 వాట్ల హబ్ మోటార్ (చక్రం మధ్యలో ఉండి దాన్నే తిప్పే మోటార్) బిగిస్తున్నాను. సామాన్లన్నీ ఎస్పీ రోడ్డులో రెండు శనివారాలు తిరిగి తెచ్చుకున్నవే. మోటార్ పని బాగానే సాగింది. నిన్న రాత్రి తుప్పు పట్టిన కుడి పెడల్ విప్పబోతే 15 ఎంఎం పానా జారి, చెయ్యి నేరుగా ముందు చైన్ చక్రం పళ్ళ మీద పడింది. మధ్యవేలి కణుపు మీద పప్పుబద్దంత చర్మం లేచిపోయింది, పక్కనే రెండు గాట్లు. నెత్తురు ఆగింది గానీ గాటులో నల్లటి గీత కనిపిస్తోంది, సబ్బుతో కడిగినా పోలేదు. పక్క ఫ్లాట్ ఆయన పెట్రోల్ గుడ్డతో తుడవమంటున్నారు. టీటీ ఎప్పుడు వేయించుకున్నానో గుర్తులేదు, కాస్త టెన్షన్‌గా ఉంది. ఇకమీదట గ్లౌజులు వేసుకుంటే సరిపోతుందా?

జవాబు 1 (నర్సుగా పనిచేస్తున్నాను):
పెట్రోల్ మాత్రం వద్దు తమ్ముడూ. గాటు లోపలి కండను అది మండించి పాడుచేస్తుంది. చుట్టూ చర్మం మీదున్న గ్రీజుకి కొంచెం కొబ్బరినూనె రాసి, సబ్బుతో కడుగు. నూనె గాటులోకి పోకూడదు. గాటును కుళాయి ధార కింద ఐదు పది నిమిషాలు ఉంచు. అప్పటికీ గీత పోకపోతే సూదితో కెలకొద్దు, డాక్టర్ దగ్గర శుభ్రం చేయించుకో. మురికి లోపలే ఉండిపోతే గాయం మానాక చర్మం కింద పచ్చబొట్టులా నిలిచిపోతుంది.

టీటీ సంగతి: ఇలాంటి మురికి గాయానికి చివరి డోసు వేసి ఐదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోవాలి. నీకు గుర్తే లేదు కాబట్టి ఇవాళే వెళ్ళు. ఇంకో మాట, కణుపు మీద చర్మం పల్చన, దాని కిందే వేలిని చాచే టెండన్ ఉంటుంది. వేలు పూర్తిగా చాచలేకపోయినా, తిమ్మిరిగా ఉన్నా, ఎరుపు పాకుతున్నా రేపటి దాకా ఆగొద్దు.

జవాబు 2 (కె.ఆర్.పురం, సైకిల్ రిపేరు):
బాబూ, పానా పట్టే తీరు మారిస్తే సగం దెబ్బలు తగలవు. పెడల్‌ను ముందుకు తిప్పి పెట్టు. పానా పిడిని ముందు చక్రం వైపు ఉంచి పైకి లాగు. క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) కదలకుండా రెండో చేత్తో పట్టుకో. జారినా చెయ్యి గాలిలోకి పోతుంది గానీ పళ్ళ మీదికి రాదు. ఎడమ పెడల్‌కి మర ఉల్టా కాబట్టి అటు కూడా ఇదే పద్ధతి, పైకి లాగడమే. నేనైతే పాత ట్యూబు ముక్కను నిలువుగా చీల్చి పళ్ళ మీద తొడిగి, అప్పుడే పానా పడతాను.

గ్లౌజుల గురించి గట్టిగా చెప్తున్నా. నట్లు బిగించేటప్పుడు వేసుకో, చక్రం తిరిగేటప్పుడు తీసెయ్. చైన్‌నే తిప్పే రకం మోటార్ ఉన్న సైకిల్‌కి స్టాండ్ వేసి చైన్ తుడుస్తుంటే మా కుర్రాడి మోచెయ్యి థ్రాటిల్‌కి (మోటార్‌ను నడిపే పిడికి) తగిలింది. నూలు గ్లౌజు కొసను చైన్ లాగేసి, వేలిని వెనక ఫ్రీవీల్‌లోకి (చైన్ ఎక్కే వెనక పళ్ళ చక్రంలోకి) తీసుకుపోయింది. గోరు ఊడింది, మళ్ళీ పూర్తిగా రావడానికి ఐదు నెలలు పట్టింది. ఆ రోజు బ్యాటరీ ప్లగ్ తియ్యమని నేను వాడికి చెప్పలేదు. ఇప్పటికీ అది నాకు బాధే. ఉంగరం, స్టీలు గడియారం కూడా తీసి పక్కన పెట్టు. బ్యాటరీ రెండు కొనలకీ ఉంగరం తగిలితే క్షణంలో ఎర్రగా కాలి వేలిని పట్టుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, టీటీ అయిపోయింది, డాక్టర్ గాటు శుభ్రం చేశారు. వేలు బాగానే చాచగలుగుతున్నాను. అన్నా, ఇరుసు నట్టుకి రింగు పానా వాడదామంటే మోటార్ వైరు ఆ ఇరుసులోంచే బయటికొస్తోంది. ఓపెన్ పానాయేనా గతి?

జవాబు 2 మళ్ళీ:
వైరు ప్లగ్ ఊడదీసి రింగు పానాను దాని మీదుగా దూర్చు. నట్టు దూరిన ప్లగ్ మీదుగా ఆ నట్టు సైజు రింగు కూడా దూరుతుంది. రింగు ఆరు వైపులా పడుతుంది కాబట్టి జారదు. పైగా ప్లగ్ తీస్తేనే గానీ పానా ఎక్కదు కనుక, నువ్వు మర్చిపోయినా మోటార్‌కి కరెంటు తెగే ఉంటుంది.