సమస్యాపూరణం: గడియ లేని తలుపు గట్టి తలుపు

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఇదీ. దీన్ని చివరి పాదంగా ఉంచి, అర్థం కుదిరేలా పై మూడు పాదాలూ మీరు రాయాలి.

గడియ లేని తలుపు గట్టి తలుపు

ఆటవెలది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే (మూడు లఘువులు గానీ, గురువూ లఘువూ గానీ), యతి గ-గ (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు). ఒక్క షరతు: కొట్లో కొనకుండా ఇంట్లో సొంతంగా చేసుకున్న సామాను మీద రాస్తే ముందు దాన్నే చూస్తా. వేదాంతం తలుపులూ హృదయ కవాటాలూ పోయిన నెల చాలానే చూశాం, ఇక చాలు.

గోదారి గట్టు:

ఇనుప గడియ కొన్న నేడాదిలో దుప్పు
పట్టు, తుమ్మ కర్ర పట్టి చెక్కి
యడ్డు పెట్టుకొంటి నా గోడ కన్నాన;
గడియ లేని తలుపు గట్టి తలుపు

నిర్వాహకుడు: ధార బాగుంది, 'కొన్న నేడాది' దగ్గర ఇ-ఏ యతి కూడా సరిపోయింది. కానీ దొంగకి పని తగ్గించి గోడకి కన్నం మీరే వేసుకున్నారేమిటండీ! ఇంకోటి, కన్నం కర్రకి సరిగ్గా బిర్రుగా చేస్తే శ్రావణంలో మీరే ఇంట్లో ఇరుక్కుంటారు. కర్ర తడికి పొడవున దాదాపు పెరగదు, మందంలోనూ వెడల్పులోనూ ఉబ్బుతుంది. పైనా పక్కనా చిటికెన వేలి కొస దూరేంత సందు వదలాలి.

గోదారి గట్టు: వదిలానండీ, పద్యంలో పట్టలేదు. పైగా కర్రకి కొవ్వొత్తి రుద్దా, జారుతోంది.

పాలమూరు పోరడు: అన్నా, ఇది మా మేకల దొడ్డి తలుపు.

ఇసుక సీస గట్టి లాగితిన్ తాటితో
తనకు తానె వచ్చి తలుపు మూయు;
మేక తోసిపోయి మేసి వచ్చిన గాని
గడియ లేని తలుపు గట్టి తలుపు

నిర్వాహకుడు: మొదటి పాదంలో యతి తప్పింది తమ్ముడూ, ఇ-కి లా కుదరదు. 'లాగితిన్' తీసి 'యీడ్చితిన్' పెట్టు, గణం మారదు, అర్థమూ మారదు. అసలు గొడవ మూడో పాదంతో. మేక తోసుకుని పోయి మేసి వస్తే అది గట్టి తలుపు ఎట్లా అయింది?

పాలమూరు పోరడు: లీటరు సీసా నిండా ఇసుక పోస్తే కిలోన్నర తూగుతది అన్నా, దూలానికి ఉంగరం కొట్టి తాడు అందులోంచి తీసిన. పిల్లలు తోయలేవు. పెద్ద పోతు తోస్తది, నిజమే.

గోదారి గట్టు: తలుపు బయటికి తెరుచుకుంటోందా? లోపలికి తెరుచుకునేలా తిప్పి బిగించు, అప్పుడు పోతు తోసినా తలుపు చట్రానికే ఒత్తుకుంటుంది. మూడో పాదం 'మేక తోయు కొలది మిక్కిలి బిగియును' అను. పద్యమూ దొడ్డీ రెండూ బాగుపడతాయి.

నిర్వాహకుడు: ఇదీ సవరణ అంటే.

ఓరుగల్లు అక్క: సామాను లేదు గానీ క్రమాలంకారంలో (ప్రశ్నల వరుసలోనే జవాబులు) ఒకటి. వడ్ల తాత అంటే వడ్రంగి.

దొంగ మెచ్చు నేది? దొర మెచ్చు నేదండి?
వడ్ల తాత నడుగ వరుస జెప్పె
చేతి యులిని దింపి చిరునవ్వు నవ్వుచు,
గడియ లేని తలుపు, గట్టి తలుపు

నిర్వాహకుడు: అక్కా, రెండు ప్రశ్నలకీ సమస్యలోనే జవాబు లాగేశారు. దోషం ఒక్కటీ లేదు. షరతు తప్పించుకున్నారు కాబట్టి బహుమతి మాత్రం లేదు.

ప్లయర్ బాబాయ్: నాకు పద్యం రాదు, పని వచ్చు. వంటగది అలమార పిల్లి తెరుస్తోందని పాత సైకిల్ ఊచ ఒకటి వేలెడంత కోశాను. దాని తలకాయ వైపు కంపెనీవాళ్లే వంచి ఇస్తారు కదా, ఆ వంపు ఒక రెక్కలో వేసిన కన్నంలో దిగుతుంది. కోసిన కొసని లావు మేకు చుట్టూ తిప్పి ఉంగరం చేసి, రెండో రెక్కకి వాషర్ వేసి స్క్రూ బిగించా, స్క్రూకి కాస్త సబ్బు రాస్తే చెక్కలోకి హాయిగా దిగింది. అంతే. దీన్ని ఎవరైనా పద్యం చేసి పెట్టండి.

ఓరుగల్లు అక్క: మొదటి పాదం నేనిస్తా, 'సైకి లూచ వంచి చక్కగా దగిలింప'. చ, స యతి చెల్లుతుంది. మిగతా రెండూ మీవి బాబాయ్.

ప్లయర్ బాబాయ్: ఆఫీసులో ఫైలు కింద పెట్టుకుని వేళ్ల మీద లెక్కేసుకుంటూ రాశా, తిట్టకండి.

సైకి లూచ వంచి చక్కగా దగిలింప
కొండి యాయె గాని కొననిదండి;
కొట్టులోన దొరకు గొళ్లెమ్ము లేలయా?
గడియ లేని తలుపు గట్టి తలుపు

నిర్వాహకుడు: గణాలు అన్నీ సరే! కొండి పెట్టుకుని గడియ లేదనడం కొంచెం దబాయింపే, 'కొన్న గడియ లేని' అని మనమే లాక్కోవాలి. అయినా 'కొననిదండి' కోసం ఒప్పుకుంటున్నా. వీధి తలుపుకి మాత్రం ఆ ఊచ పెట్టకండి.

పాలమూరు పోరడు: బాబాయ్, ఊచ తుప్పు పట్టదా?

ప్లయర్ బాబాయ్: స్టెయిన్‌లెస్ స్టీల్ ఊచ అయితే భయం లేదు. జింకు పూతదైతే కోసిన కొస దగ్గర మొదలవుతుంది, అక్కడ గోళ్ల రంగు ఒక చుక్క పూసెయ్.