చెన్నై మౌంట్‌రోడ్డు భారత్ ఇన్సూరెన్స్ బిల్డింగ్: బాగుచేసి షాపులకివ్వాలా, కూల్చి కొత్తది కట్టాలా? (తాంబరంలో ఉండే అన్నకూ, రాయపేటలో ఉండే తమ్ముడికీ మధ్య వాదన)

తాంబరం: జనరల్ ప్యాటర్స్ రోడ్డు మూలన పాడుపడి ఉన్న ఆ ఎర్ర ఇటుకల కట్టడం గురించి నా మాట సూటిగా చెప్తాను. కూల్చేసి, ముందు వైపు అదే పోలికతో కొత్తది కట్టాలి. అది ఎల్‌ఐసీ ఆస్తి, అంటే పాలసీలు కట్టే మనందరి డబ్బు. మౌంట్‌రోడ్డులో అంత స్థలం పైసా అద్దె రాకుండా పడి ఉండటం ఏం న్యాయం? రేపు పైనుంచి ఇటుక రాలి ఎవరి నెత్తినో పడితే పూచీ ఎవరిది?

రాయపేట: అన్నా, అద్దె రావట్లేదన్న బాధ నాకూ ఉంది. కానీ అది పుట్టిందే వ్యాపారం కోసం. 1897లో డబ్ల్యూ.ఇ. స్మిత్ అనే మందుల కంపెనీ కట్టించింది. 1934లో భారత్ ఇన్సూరెన్స్ కొంది. 1956లో జీవిత బీమా జాతీయం కావడంతో ఎల్‌ఐసీ చేతికొచ్చింది. 2006లో కూల్చడం మొదలుపెడితే, పాత కట్టడాల్ని కాపాడే సంస్థ ఇన్‌టాక్ కోర్టుకెళ్ళింది, 2010లో మద్రాస్ హైకోర్టు కూల్చడానికి వీల్లేదంది. కూల్చడం ఆగింది సరే, బాగుచేయడం ఏదీ?

పాత మద్రాసు కప్పులు ఎలా వేసేవారో చూశారా? టేకు దూలాల మీద చిన్న ఇటుకల్ని నిలువుగా, ఐమూలగా పేర్చి సున్నంతో పట్టించేవారు. మద్రాస్ టెర్రస్ అంటే అదే. నీరు దిగితే ముందు కుళ్ళేది గోడలో దూర్చిన దూలం కొస. అప్పుడే ఆ కొస కోసి కొత్త టేకు అతికిస్తే కప్పు నిలుస్తుంది, వదిలేస్తే మొత్తం దిగిపోతుంది. చవగ్గా అయిపోతుందని గోడలకు సిమెంటు పూస్తే మరీ చేటు. సున్నమైతే చెమ్మను బయటికి పోనిస్తుంది. సిమెంటు వెనక చిక్కిన చెమ్మ ఇటుకనే పొడిపొడిగా రాల్చేస్తుంది.

ఇక మీరనే 'అదే పోలిక' సంగతి. మౌంట్‌రోడ్డులోని స్పెన్సర్స్ దుకాణం పాత భవనం 1983లో కాలిపోయింది, ఆ చోట మాల్ లేచింది. 1985లో మూర్ మార్కెట్ కాలిపోతే అక్కడ సబర్బన్ స్టేషన్ వచ్చింది. రెండు చోట్లా పాతది తిరిగి రాలేదు. అదే మౌంట్‌రోడ్డులో హిగ్గిన్‌బాథమ్స్ 1904 నాటి భవనంలోనే ఇప్పటికీ పుస్తకాలు అమ్ముతోంది.

తాంబరం: హిగ్గిన్‌బాథమ్స్ మాట ఒప్పుకుంటా తమ్ముడూ. కానీ ఇక్కడికి అద్దెకొచ్చేదెవరు? పార్కింగ్ ఎక్కడ? ఏసీ కోసం గోడకు కన్నం పెట్టనిస్తారా?

రాయపేట: కార్ల సంగతి పక్కన పెట్టండి, ఎల్‌ఐసీ మెట్రో స్టేషన్ దగ్గర్లోనే ఉంది. ఏసీ పైపులు, లిఫ్టు వెనక వైపు విడిగా కట్టొచ్చు, పాత గోడను ముట్టుకోనక్కర్లేదు. మొత్తం ఒకేసారి వద్దన్నా. ముందు కప్పులు, దూలాలు సరిచేసి కింది అంతస్తును దీర్ఘకాలిక లీజుకివ్వాలి. అద్దె తగ్గించి, మరమ్మతు బాధ్యతను లీజు కాగితంలోనే రాయాలి. మీ ప్రీమియం డబ్బు మీద అప్పుడు రాబడి వస్తుంది. ఇప్పుడైతే కాపలా ఖర్చే.